ఫార్వర్డ్ కాదు, మన చేతి రాత



మన సుల్తానాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు ఫోన్ లేని ఇల్లు అరుదు. పొద్దున్నే లేచి వాట్సాప్ చూస్తే గ్రూపుల నిండా గులాబీ పూలు, శుభోదయాలు, ఎవరో పాడిన పాటలు, ఎక్కడివో తెలియని వార్తలు. అన్నీ ఒకరి నుంచి ఒకరికి తోసినవే. పంపినవాళ్లు సొంతంగా రాసిన మాటలు వాటిలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. మన సంఘంలో ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా అమ్మలు, అవ్వలు, తాతలు, ఫోన్‌లో తమ మాట తామే రాయడం నేర్చుకోవాలి. ఫార్వర్డ్ చేయడం వచ్చినంత మాత్రాన వాట్సాప్ వచ్చినట్టు కాదు.

"వాయిస్ పంపితే సరిపోతది కదా అయ్యగారూ, గీ రాసుడెందుకు?" అని అడిగేవాళ్లున్నారు. అక్షరం రానివాళ్లకు వాయిస్ మెసేజ్ గొప్ప మేలే, కాదనం. కానీ నాలుగు అక్షరాలు వచ్చినవాళ్లు కూడా రాయడం మానేస్తే ఏం పోతుందో చూద్దాం.

మన కరీంనగర్ పల్లెల నుంచి దుబాయ్‌కి, సౌదీకి పోయిన తొలి తరం వాళ్లను గుర్తు చేసుకోండి. వాళ్ల ఉత్తరం ఇంటికొస్తే చదవడం రాని భార్య పోస్ట్‌మ్యాన్‌నో, పక్కింటి పిల్లగాడినో బతిమాలుకోవాలి. జవాబు రాయించడానికి మళ్లీ ఇంకొకరు. భర్తకు చెప్పుకోవాల్సిన మాటకు నడుమ మూడో మనిషి ఉండేవాడు. అప్పులు, ఆరోగ్యం, అత్తింటి గొడవ ఏవైనా సరే, సగం మింగి సగం రాయించుకున్నారు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన దేశం లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చింది. ఆ వారాల్లో తమవాళ్లు బతికున్నారో లేదో తెలియక ఎన్ని కుటుంబాలు రేడియో ముందు కూర్చున్నాయో పెద్దలకు తెలుసు.

ఇప్పుడు ఆ మూడో మనిషి అక్కరలేదు. కానీ ఫోన్‌ను మనవడి చేతికిచ్చి "బాపుకు గిట్ల పెట్టు బిడ్డా" అంటే మూడో మనిషి మళ్లీ వచ్చినట్టే. పైగా దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు. రాసింది మాత్రం చేరుతుంది. వాయిస్ కూడా చేరుతుంది, కానీ క్యాంపులో ఒకే గదిలో నలుగురైదుగురి మధ్య పడుకున్నవాడు భార్య ఏడుపును పైకి పెట్టి ఎలా వింటాడు? రాసిన మాటను చీకట్లో ఒక్కడే చదువుకుంటాడు, రేపు మళ్లీ చదువుకుంటాడు.

రాతకు ఇంకో బలం ఉంది. అది నిలబడుతుంది. వీసా ఇప్పిస్తానన్న ఏజెంటు నోటితో ఎన్నయినా చెబుతాడు. "ఏం పని? జీతం ఎంత? మీ లైసెన్సు నంబరు ఎంత? నేను కట్టేది ఎంత?" అని నాలుగు ప్రశ్నలు రాసి పంపండి. రాతలో జవాబివ్వడానికి వెనకాడేవాడికి పైసలు ఇవ్వకండి. ఇచ్చిన లైసెన్సు నంబరును కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. ఫోన్‌లో మిగిలిన రెండు వరుసలే రేపు పోలీస్ స్టేషన్‌లో మీ పక్షాన మాట్లాడతాయి.

ఇది కొత్త విషయం కాదు. పౌలు తన పత్రికలను చాలావరకు చెప్పి రాయించాడు. రోమా పత్రికను చేత్తో రాసిన తెర్తియు పేరు దాని చివరి అధ్యాయంలోనే ఉంది. అయినా పౌలు చివర్లో కొంత తన చేత్తో రాసేవాడు. గలతీయులకు రాసినప్పుడు తన అక్షరాలు ఎంత పెద్దవో కూడా చెప్పుకున్నాడు. ఎందుకు? థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో కారణం కనబడుతుంది. పౌలు రాశాడని చెప్పుకునే పత్రిక వచ్చినా కలవరపడొద్దని రెండో అధ్యాయంలో హెచ్చరించి, మూడో అధ్యాయం చివర తన చేతిరాతే గుర్తు అని చెప్పాడు. అంటే పేరు మార్చి పంపే బెడద ఆనాడే ఉంది. దానికి మందు కూడా ఆనాడే ఉంది: ఎవరి మాటో వాళ్ల చేతిలో కనబడాలి.

ఎవరిదో తెలియని మాటను తోసేస్తే ఏం జరుగుతుందో మన రాష్ట్రం 2018లో కళ్లారా చూసింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకారు పాకింది. అమాయకులను పట్టుకుని కొట్టారు, ప్రాణాలు పోయాయి. తోసినవాళ్లలో ఎక్కువమంది దుర్మార్గులు కారు. "ఎందుకైనా మంచిది, నలుగురికి తెలియనీ" అనుకున్న మనలాంటి తల్లిదండ్రులే. అప్పుడు గద్వాల ప్రాంతంలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపారు, డప్పు చాటింపు వేయించారు, కళాకారులతో పాటలు పాడించారు. ఫోన్‌లో పాకిన అబద్ధాన్ని ఆపడానికి మనిషి ఎదురుగా వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. యంత్రం హద్దు పెట్టింది సరే, మన వేలికి మనం పెట్టుకోవాల్సిన హద్దు ఇంకా మిగిలే ఉంది.

ఈ రాతపూర్వక ముచ్చట్లు వాట్సాప్‌తో పుట్టలేదు. 1988లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే ఆయన ఐఆర్‌సీ అనే ఏర్పాటు చేశాడు. బొమ్మల్లేవు, గొంతు లేదు, ఉన్నదల్లా అక్షరాలే. కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు 'చానల్' అనే గదుల్లో చేరి రాసుకునేవారు. 1991 గల్ఫ్ యుద్ధం వేళ ప్రపంచం నలుమూలల వాళ్లు అందులోనే వార్తలు పంచుకున్నారు. మన గ్రూపు అడ్మిన్ లాగే అక్కడా ఒక ఆపరేటర్ ఉండేవాడు, హద్దు మీరినవాణ్ని బయటికి పంపేవాడు.

ఆ గదుల్లోకి కొత్తగా వచ్చినవాళ్లకు పాతవాళ్లు నేర్పిన మర్యాదలు మనకూ పనికొస్తాయి. రాగానే మాట్లాడకు, ముందు కాసేపు చదువు, ఇక్కడ ఏ విషయం నడుస్తుందో తెలుసుకో. వరుసపెట్టి కుప్పలు పోయకు, దాన్ని వాళ్లు 'వరద' అనేవారు. పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టు లెక్క. ఒక్కరికి చెప్పాల్సింది గదిలో అందరి ముందూ చెప్పకు. ముందు వినడం, తర్వాత మాట్లాడడం అన్న వరుస యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో మనం చదువుకున్నదే కదా.

ఆఖరి మర్యాద మన సంఘం గ్రూపుకు చాలా అవసరం. ప్రార్థన మనవి పేరుతో ఒక చెల్లి జబ్బును, ఒక ఇంటి తగువును పేర్లతో సహా గ్రూపులో పెట్టేస్తున్నాం. ఆ గ్రూపులో ఆమె అత్తింటి చుట్టాలు ఉంటారు, ఊరివాళ్లు ఉంటారు. చదివిన ఎవరైనా దాన్ని ఇంకో గ్రూపుకు తోయొచ్చు. అడగకుండా పెట్టిన మనవి ప్రార్థన తేవడం కంటే ముందు పరువు తీస్తుంది. ఆమెను ముందు అడగండి. ఆమె ఒప్పుకోకపోతే పేరు లేకుండా రాయండి, లేదా అయ్యగారికో, పెద్దలకో విడిగా రాయండి. దేవునికి పూర్తి చిరునామా అక్కరలేదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగు రాయాలంటే ఫోన్ కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు భాషను ఒక్కసారి చేర్చుకుంటే చాలు. తెలుగు అక్షరాల వరుస ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులోకి మార్చేది కూడా ఉంటుంది. మొదటిరోజు మీ పేరు రాయండి. రెండోరోజు "తిన్నవా బిడ్డా?" అని కొడుక్కి రాయండి. తప్పులు పోతే పోనీ, అమ్మ రాసిన తప్పును ఏ కొడుకూ దిద్దడు, దాచుకుంటాడు. పంపే ముందు పైన ఎవరి పేరుందో, అది మనిషా గ్రూపా అని చూసుకోండి. ఫోన్‌కు వచ్చే ఆరంకెల కోడ్ ఎవరడిగినా చెప్పకండి. కొడుకు పేరుతో కొత్త నంబరు నుంచి "అర్జెంటుగా పైసలు పంపు" అని వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే నమ్మండి. మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

యువకులకు ఒక్క మాట. అవ్వ ఫోన్ లాక్కుని మీరే కొట్టి ఇవ్వకండి. పక్కన కూర్చుని ఆమె వేలు అక్షరం వెతుక్కునేదాకా ఆగండి. ఆ ఓపిక కూడా పరిచర్యే.

రాతకూ ఒక హద్దుంది. యోహాను తన మూడో పత్రికలో, రాయాల్సింది చాలా ఉన్నా సిరాతో రాయడం కంటే ముఖాముఖిగా కలవడమే తన ఆశ అన్నాడు. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు రాద్దాం. పక్క వాడలో మంచం పట్టినవాళ్ల దగ్గరికి మాత్రం నడిచే వెళ్దాం.

ఈ వారం ప్రతి ఒక్కరం ఒక ఫార్వర్డ్ ఆపి, ఒక మనిషికి మన చేత్తో రెండు వరుసలు రాద్దాం. ప్రభువు మన నాలుకను కాపాడినట్టే మన వేళ్లను కూడా కాపాడును గాక. ఆమేన్.