దాదాజాన్ డబ్బాలో హాలీ సిక్కా



పోయిన ఇత్వార్ ఇల్లు సర్దుతుంటే మా దాదాజాన్ తగరపు డబ్బా బయటపడింది. పాత కాగితాల కింద ఒక హాలీ సిక్కా, దాని మీద చార్మినార్ బొమ్మ. బీకాం చదువుతున్న మా బిటియా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది: "అబ్బా, మనకు సొంత సిక్కా ఉండేదంటారు, సొంత రైలు ఉండేదంటారు. మరి మన వాళ్లు ఇట్లెందుకున్నారు?"

"నసీబ్ బేటీ" అంది మా అమ్మీ. మన ఇళ్లల్లో ఈ సవాల్‌కు ఎప్పుడూ వినిపించే జవాబు అదే. రెండో జవాబు "1948". ఈ రెండూ నాకు సరిపోవడం లేదు. సియాసత్‌లో ఒకరు దస్తఖత్ చేస్తే, దాని ఖర్చు మూడు తరాలు కడతాయి. మన మయీషత్ తారీఖ్ అంతా అదే.

మన సికింద్రాబాద్‌నే చూడండి. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ముఆహిదా చేసుకున్నాడు. ఫౌజు కంపెనీది, ఖర్చు రియాసత్‌ది. ఆ ఫౌజు మకాం వేసిన చోటే మన ఊరు. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయింది. తర్వాత కంటింజెంట్ అనే మరో ఫౌజు తోడైంది. దాని జీతాల బాకీ పెరిగి పెరిగి, 1853లో బేరార్‌ను అంగ్రేజుల చేతిలో పెట్టాల్సి వచ్చింది. బేరార్ అంటే నల్లరేగడి, పత్తి. ఎనిమిదేళ్లకే అమెరికాలో అంతర్యుద్ధం మొదలై పత్తి ధర ఆకాశానికెక్కింది. అప్పటికి ఆ పొలాల మీద పెత్తనం రెసిడెంట్‌ది. 1902లో ఏడాదికి 25 లక్షల రూపాయలకు దాన్ని శాశ్వత కౌలుకు రాసిచ్చేశారు.

రైలు సంగతీ అంతే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది నిజాం ఖజానా సొమ్ముతో. 1883లో లైను పొడిగించడానికి లండన్ కంపెనీతో కౌలు కుదిరింది. లాభం వచ్చినా రాకపోయినా, పెట్టుబడి మీద 20 ఏళ్లపాటు 5 శాతం ఖజానా కట్టాలి. ఆ షరతులేమిటో జనానికి చెప్పండని అడిగినవారున్నారు: సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారు. హిసాబ్ అడిగిన పాపానికి అఘోరనాథ్‌ను రియాసత్ దాటించారు. ఆ రైల్వేను సర్కారు తిరిగి కొనుక్కునేసరికి 1930 అయింది.

ఇక మనల్ని మనం అడగాల్సిన మాట. 1937లో టైమ్ పత్రిక మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని ముఖచిత్రంగా వేసింది. మన వాళ్లు ఇప్పటికీ ఫఖ్ర్‌గా చెప్పుకుంటారు. కానీ హుజూర్ దౌలత్ రయ్యత్ దౌలత్ కాదు. రాష్ట్ర భూమిలో దాదాపు మూడో వంతు జాగీర్ల కింద ఉండేది. పల్లెల్లో వెట్టి ఉండేది. జనంలో దాదాపు సగం మంది జబాన్ తెలుగైతే, దఫ్తర్లు, కచేరీలు ఉర్దూలో నడిచాయి. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని, ఆ జబాన్ అంటే నాకు జాన్. అయినా ఈ నాఇన్సాఫీని దాచలేను. ఆ ఏర్పాటులో మన షరీఫ్ ఘరానాలకు ములాజిమత్ దొరికింది, కాబట్టి తిజారత్ మీద, హునర్ మీద ఎక్కువమంది మనసు పెట్టలేదు. 1948లో హుకూమత్ మారింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, దఫ్తర్ జబాన్ మారింది. ఒక్క దర్వాజా మీద ఆధారపడ్డ ఇళ్లన్నీ ఒకేసారి చీకటయ్యాయి. 1948లో జిల్లాల్లో జరిగిన ఖత్ల్‌ను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. ఆ జఖమ్‌ను నేను తక్కువ చేయడం లేదు. కానీ దెబ్బ అంత లోతుగా దిగడానికి కారణం అంతకుముందే తయారై ఉంది.

అదే రియాసత్ ఇంకో దారి కూడా చూపింది. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు 1934లో, బోధన్‌లో నిజాం షుగర్ 1937లో, ఆల్విన్ 1942లో వచ్చాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర హిందూ, ముస్లిం పక్కపక్కన నిలబడి మజూరీ తీసుకున్నారు. బోధన్ ఫ్యాక్టరీలో వాటా 2002లో ప్రైవేటుకు పోయింది, 2015లో అది మూతపడింది. తెరవడం ఒక సియాసీ ఫైసలా, అమ్మడం ఇంకో సియాసీ ఫైసలా. రోడ్డున పడ్డవాళ్లను ఏ ఫైసలాకూ ఎవరూ రాయ్ అడగలేదు.

ఇప్పటి ఫైసలాలు మన కళ్ల ముందే జరుగుతున్నాయి. 2006లో సచార్ కమిటీ రిపోర్ట్, 2007లో 4 శాతం రిజర్వేషన్, 2016లో మైనారిటీ గురుకులాలు. వీటి ఫలం మన మనవల తరంలో కనిపిస్తుంది, కనిపించకనూ పోవచ్చు. ఎలక్షన్ల ముందు షాదీఖానా అడుగుతాం, ఖబ్రస్తాన్ గోడ అడుగుతాం, ఇఫ్తార్ దావత్‌కు పోయి ఫోటో దిగుతాం. అవి వద్దనను. కానీ బడ్జెట్‌లో ఎంత రాశారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చు పెట్టారు అనే మూడు అంకెలు అడిగేవాళ్లు మన మొహల్లాల్లో ఎంతమంది?

దాదాజాన్ రోజుల్లో ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలొచ్చేవి. ఆ భావ్ ఆయనకు నోటికొచ్చు, ఎందుకంటే తప్పితే జేబుకు నుఖ్సాన్. ఖౌమ్ హిసాబ్ కూడా మనకు అట్లాగే నోటికి రావాలి.

మా బిటియా ఈ వారం మా మొహల్లా సర్కారీ స్కూలు గురించి ఆ మూడు అంకెలూ అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు రాసింది. రెండు చోట్ల తెలుగు నేను దిద్దాను. ఫీజు పది రూపాయలు. మీ ఇంట్లో కూడా చదువుకున్న పిల్లలుంటారు. ఇన్‌షాఅల్లాహ్, వచ్చే ఇత్వార్ వాళ్ల చేత ఒకటి రాయించండి.