నూలెరుగని వస్త్రశాస్త్రము

ఇప్పుడు విద్యాలోకమున నొక క్రొత్త శాస్త్రము ప్రబలియున్నది. మనుష్యుడు ధరించు వస్త్రమునకును, అతడు తన్ను గూర్చి తానేమనుకొనుచున్నాడో యా భావమునకును గల సంబంధమును విచారించుట దాని పని. ఫ్యాషను పత్రికల బొమ్మలు, చలనచిత్ర తారల వేషములు, చేతిలోని ఫోనున క్షణక్షణము మారు చిత్రములు, ఇవి యన్నియు యువతీయువకుల హృదయములలో 'నేను' అను భావము నెట్లు తీర్చుచున్నవో తెలుపుటకు వ్యాసములును సిద్ధాంతగ్రంథములును వెలువడుచున్నవి. ఈ విచారణ నిష్ప్రయోజనమని మేమనము. మనిషి అద్దమునెదుట నిలిచి యేల మురియునో, ఏల క్రుంగునో తెలిసికొనుట మంచిదే. కాని యీ శాస్త్రము కట్టువానిని గూర్చి వేయి పుటలు వ్రాసి, వడుకుదానికి నొక పాదసూచిక విడుచుచున్నది. మా వ్యాజ్యమదియే. ఉత్తరాంధ్రమున బుట్టి పెరిగినవారము గనుక ఈ వ్యాజ్యము వేయుటకు మాకు విశేషాధికారము కలదని చెప్పుకొనుచున్నాము. ఏలయన వస్త్రమును గూర్చి మాట లాడువారును, వస్త్రమును పుట్టించువారును మా సీమయందిద్దరును గలరు.

మాట లాడినవారితో మొదలు పెట్టుదము. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంచిన రెండవ కూర్పుగా వెలువడినది. ఆ నాటకమున కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి లుబ్ధావధానులకు పెండ్లికూతురుగా నమ్మును. ముసలివాడు రొక్కమిచ్చి కొన్నది యెవరిని? పిల్లను గాదు, చీరను. చీరలోపల నున్న దెవరని యతడడుగలేదు; అడుగవలసిన యవసరము ఆ వ్యాపారమున లేదు. కన్య యన్నది వయస్సు, వెల, వేషము అను మూడు లెక్కలుగా మారిన సంఘమున మగపిల్లవాడైనను ఆ వేషములో నిముడునని కవి నిరూపించెను. అదే నాటకమున మధురవాణి పురుషవేషముతో సౌజన్యారావు పంతులు నింట ప్రవేశించును. వేశ్యయని తెలిసిన గడప త్రొక్కనీయని పెద్దమనిషి, వేషము మారినంతమాత్రమున ఆమెతో సమానముగా మాట లాడెను. వస్త్రము మనిషిని చేయుట లేదు, మనిషిని చూచు కన్నును చేయుచున్నదని ఇంతకంటె స్పష్టముగా నే విశ్వవిద్యాలయాచార్యుడు చెప్పెను? విదేశీయ గ్రంథములు చదువవలదని మేమనుట లేదు. విజయనగరపు గ్రంథమును గూడ ఆ బల్లమీదనే పెట్టి చదువుడని మాత్రమే కోరుచున్నాము.

'వ్యక్తి తన వస్త్రమును తానెన్నుకొనును; ఆ యెన్నికయే యతని వ్యక్తిత్వము' అనుట యీ శాస్త్రమునకు మూలసూత్రము వంటిది. మనదేశమున నీ సూత్రము సగము నిజము. బాలవితంతువునకు శిరోముండనముతోపాటు కట్టబెట్టిన చీర ఆమె యెన్నుకొన్నది కాదు. ఆమె కది సంఘము వేసిన శిక్ష. ఎవరు రవిక తొడుగవచ్చును, ఎవరు తలపాగ చుట్టవచ్చును, ఎవరు చెప్పులతో వీధిని నడువవచ్చును అనునవి కులమును బట్టి తీర్మానమైన దినములు మన తాతలకు తెలియును. కావున నేడు మా సీమ బాలిక తన కిష్టమైన రంగు బట్ట తొడిగికొని కళాశాలకు పోవుచున్నచో, దానిని పిచ్చి యని, పరదేశానుకరణమని గద్దించు వృద్ధులతో మేము చేయి కలుపము. ఆ రంగు వెనుక నెందరి కన్నీరు కలదో మాకు తెలియును. ఎన్నుకొనుట స్వాతంత్ర్యమే. ఆ స్వాతంత్ర్యము కొనుగోలుదారు చేతనే పుట్టి, కొనుగోలుదారుతోనే ముగియుననుటయే తప్పు.

పరిశోధకుల చూపు ఎటు తిరుగవలయునో తెలుపుటకు మా ప్రాంతమునుండియే రెండుదాహరణములు చాలును. మద్రాసు మ్యూజియమునకు అధ్యక్షుడుగా నుండిన ఎడ్గారు థరస్టను, కె. రంగాచారి సహాయమున, దక్షిణదేశపు కులములను జాతులను వర్ణించుచు 1909లో 7 సంపుటములు ప్రకటించెను. అందు మన్యపు గదబ స్త్రీలు చెట్టునారతో నేసికొను చారల బట్టయు, చెవులకు వ్రేలు పెద్ద తీగకడియములును శ్రద్ధగా వర్ణింపబడినవి. చదువరికి బట్ట తెలియును, కడియము తెలియును; ఆ స్త్రీ యేమనుకొనుచున్నదో తెలియదు. ఆమెను చూచినారుగాని ఆమె మాట వినలేదు. అదే కాలమున పర్లాకిమిడిలో నుపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తిగారు సవరల భాష నేర్చి, వారి బిడ్డలకు చదువు చెప్పించి, 1931లో ఆ భాషను గూర్చిన గ్రంథమును వెలువరించిరి. ఒకరు వేషమును లిఖించిరి, ఒకరు వాక్కును విని లిఖించిరి. నేటి వస్త్రశాస్త్రము తనకు తెలియకుండనే మొదటివాని మార్గమున నడచుచున్నది. చిత్రమును చూచును, మాట వినదు.

ఈ శాస్త్రము చెప్పు సత్యములు కూడ తొందరపడి నమ్మదగినవి కావు. 2012లో అమెరికాలో హాజో ఆడం, ఆడం గలిన్‌స్కీ అను నిరువురు ఒకే తెల్లకోటును కొందరికి వైద్యుని కోటనియు, కొందరికి చిత్రకారుని కోటనియు చెప్పి తొడిగించి, వైద్యుని కోటనుకొన్నవారి ఏకాగ్రత హెచ్చినదని ప్రకటించిరి. లోకమంతయు దానిని చాటినది. 2019లో మరికొందరు వారి ప్రయోగములలో నొకదానిని అంతకంటె నెక్కువమందితో మరల చేయగా ఆ ఫలము కనబడలేదు. దీనినిబట్టి వస్త్రమునకు మనస్సుపై ప్రభావము లేదనరాదు. అది యొక కోటును తొడిగి కొలుచునంత తేలిక కాదని మాత్రమే తెలిసికొనవలయును.

ఈ శాస్త్రమునకు మూలపురుషులలో నొకడైన ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్తు 1967లో ప్రకటించిన గ్రంథమున నొక గొప్ప పని చేసెను. ఫ్యాషను పత్రికలలోని బట్టలను గాక, బట్టల క్రింద నచ్చువేసిన మాటలను పరీక్షించెను. బట్టకు ఇన్ని మాటలేల యని ప్రశ్నించి, లెక్క తెలిసిన పరిశ్రమకు లెక్క చూడని కొనుగోలుదారులు కావలసియుండుటచేతనే యని సమాధానము చెప్పెను. ఈ యొక్క వాక్యార్థమును మన శిష్యులు గ్రహించియుండిన మేమీ వ్యాసము వ్రాయనక్కరలేకపోయెడిది. వారు మాటలను లెక్కించుట నేర్చిరి. లెక్క చూచుట నేర్వలేదు.

ఆ లెక్క నిచ్చట చూతము. ఆంగ్లేయులు చికాకోలని పిలిచిన శ్రీకాకుళము పూర్వము సన్నని మస్లినులకు ప్రసిద్ధి. ఆ విద్య నేటికిని పొందూరున మిగిలియున్నది. గింజతో నున్న ప్రత్తిని వాలుగ చేప దవడతో దువ్వుదురు. ఆ దవడయందలి సన్నని పండ్లు చెత్తను తీసి పోగులను సరిచేయును. దానికి బదులుగ నే యంత్రపు దువ్వెనయు నచ్చట నిలువలేదు. పిమ్మట చిన్న పలకపై నినుపకడ్డీని దొర్లించి గింజను వేరుచేయుదురు. దూదిని చిన్న వింటితో నేకి, ఏకులు చుట్టి, గాలికి ధూళికి చెడకుండ ఎండిన అరటిదొప్పలో దాచుదురు. అటుపిమ్మట నొంటికదురు రాట్నమునొద్ద స్త్రీ కూర్చుండును. ఆమె తీయు నూలు సామాన్యముగా 100 నంబరు మొదలు 120 నంబరు వరకు నుండును.

100 నంబరనగా నేమి? 840 గజముల చిలపలు 100 తూగిన ఒక పౌను కావలయును. అనగా ఒక్క పౌను ప్రత్తిలో 84,000 గజముల దారము, 47 మైళ్ల పైచిలుకు. శ్రీకాకుళమున నొక కొన పట్టుకొని విడిచిన నది విజయనగరము చేరియు మిగులును. ఆ దారమున ప్రతి మూరయు ఒక స్త్రీ బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నుండి వచ్చినది. దారము తెగినచో నతుకవలయును. చేయి వణికినచో లావగును. కన్ను మందగించినచో నంబరు పడిపోవును. ఇది వ్యక్తిత్వము కాదా? ఒక స్త్రీ నూలును మరియొక స్త్రీ నూలునుండి వేరుచేయు నేర్పు కలవారు గ్రామమున గలరు. ఆమె వ్రేళ్ల ముద్ర ఆ బట్టయందున్నది. అయినను 'వస్త్రమును వ్యక్తిత్వమును' అను శీర్షిక క్రింద ఆమె కెన్నడైన చోటు దొరకినదా?

పత్రికలలో పొందూరు బట్టకు చోటు లేదని కాదు. అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ పంచెలపై మక్కువ చూపినారని చెప్పుకొందురు; నాయకులు కట్టినప్పుడెల్ల బొమ్మ పడును. బొమ్మక్రింద స్వచ్ఛము, వారసత్వము, నిరాడంబర సౌందర్యము అను మాటలు పడును. నూలు నంబరు పడదు. చిలపకు కూలి యెంతయో పడదు. కట్టినవాని పేరు పెద్దక్షరములలో నుండును. వడికినదానికి 'గ్రామీణ మహిళ' యను నామధేయము మాత్రము మిగులును. తన నూలుతో నేసిన చీరను ఆమె కొనగలదా, కొనలేనిచో నామె కట్టుచున్నది యే గుడ్డ, ఆ గుడ్డ ఆమె వ్యక్తిత్వమును గూర్చి యేమి చెప్పుచున్నది అను ప్రశ్నలలోనే ఒక సిద్ధాంతగ్రంథమునకు చాలినంత విషయము కలదు. ఆ గ్రంథము వ్రాయువారు ఎక్కడ?

ఖద్దరు చరిత్ర తెలిసినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1921 మార్చి, ఏప్రిలు మాసముల సంధిలో బెజవాడ కాంగ్రెసు సమావేశము 20 లక్షల రాట్నములు నడిపింపవలెనని తీర్మానించినది. ఆ సెప్టెంబరులో మధురయందు గాంధి కొల్లాయి కట్టెను. పొందూరు నూలు సన్నదనము విని, దానిని పరిశీలించుటకు తన కుమారుడు దేవదాసును పంపెను. వేషము రాజకీయమగునని ఆయన కెవరును నేర్పనక్కరలేదు. కాని ఆయన యచటితో నాగలేదు. 1925లో నేర్పడిన అఖిలభారత చరఖా సంఘము, ఆయన పట్టుదలవలన, 1935లో వడుకువారికి కనీసపు కూలి నిర్ణయించినది. ఎనిమిది గంటల పనికి ఎనిమిదణాలైన ముట్టవలెనని ఆయన కోరిక, అంత సాధ్యపడలేదు. ఖద్దరు ధర పెరుగును, కొనువారు తగ్గుదురని మిత్రులే యడ్డుచెప్పిరి. అయినను కూలి పెంచవలసినదేయని ఆయన నిలిచెను. ఖద్దరు కట్టి దేశభక్తుడనని చాటుకొనువాడు వడికినదాని యాకలిని లెక్కించనిచో ఆ ఖద్దరు వట్టి వేషమే యని దాని సారాంశము. ఆనాటి వస్త్రశాస్త్రమది.

నేడు గాంధిజయంతినాడు దుకాణమున తగ్గింపు ధర పలక వ్రేలాడును. తగ్గినది యెవరి పాలు, నింపునది యెవరు అని కొనువారెవరైన నడుగుచున్నారా? రాట్నమునొద్ద వృద్ధురాండ్రే యధికముగా కనబడుచున్నారు. వారి కుమార్తెలు రాట్నము పట్టుటకు రాకున్నారు. సోమరులై రాకపోవుట లేదు, లెక్క తెలిసి రాకున్నారు. మా జిల్లాల యువతులనేకులు అచ్యుతాపురము దుస్తుల కర్మాగారములకు పోయి విదేశీయుల బట్టలు కుట్టుచున్నారు. అక్కడి వారి వ్యక్తిత్వము ఇక్కడివారు కుట్టిన కుట్టులో నున్నది. 2013 ఏప్రిలు 24న బంగ్లాదేశమున రానాప్లాజా కూలి 1,100 మందికి పైగా కార్మికులు మరణించిన పిమ్మటనే గదా 'నా బట్ట కుట్టినదెవరు?' అను ప్రశ్న పాశ్చాత్య నగరములలో గట్టిగా వినవచ్చినది! మనము ప్రశ్నించుటకు మన యింటి కప్పు కూడ కూలవలయునా?

'కాలము మారినది, చేతినూలు చచ్చుట సహజము, శోకించి ఫలమేమి?' అని కొంద రనవచ్చును. చచ్చినచో చావనిండు, కాని దానిని బ్రతికియున్నదని బొమ్మలలో చూపి యమ్ముకొనుట మానుడు. బట్ట కీర్తిని వాడుకొనుచు వడికినదాని కూలిని మరచుట న్యాయము కాదు. కీర్తి కావలసినచో కూలి యీయుడు. కూలి యీయలేనిచో కీర్తి విడువుడు. మూడవ మార్గము మోసము. 'కూలి పెంచిన బీదవాడు కొనలేడు' అని మరికొందరందురు. బీదవాడు 100 నంబరు పంచె నెన్నడు కొనెను? కొనువాడు సంపన్నుడు, అతడు చెల్లించునది తన యభిరుచికి. ఆ యభిరుచి వెలలో వడుకుదాని పాలు పెంచుట బీదవానికే నష్టమును దేదు.

మా కోరికలు మూడు. చేతినూలు బట్ట చిత్రమును ప్రకటించు ప్రతి పత్రికయు, వెలతోపాటు నూలు నంబరును, వడికిన యూరును, చిలపకు ముట్టిన కూలిని, నేసినవాని కూలిని ప్రకటింపవలయును. ఇది యొక వరుస. ఒక విశేషణమును తీసివేసిన చోటు దొరకును. రెండవది, 2008లో నెచ్చెర్లలో నేర్పడిన విశ్వవిద్యాలయమునకు పొందూరు దూరము కాదు. అచటి విద్యార్థులు ఫ్యాషను పత్రికల పుటలతో కాక, రాట్నములొద్దనుండి తమ పరిశోధన మొదలిడవలయును, చూచుటతో తృప్తిపడక గిడుగువారివలె వినవలయును. మూడవది, కొనువారు. మీరు దుకాణమున రంగు నడిగెదరు, అంచు నడిగెదరు, తగ్గింపు నడిగెదరు. ఇకమీదట వడికినదాని కేమి ముట్టినదో యడుగుడు. అంగడివానికి తెలియనిచో తెలిసికొని చెప్పుమనుడు. పదిమంది యడిగిన పదునొకండవవానికి సమాధానము సిద్ధముగా నుండును.

వస్త్రము మన వ్యక్తిత్వమును చాటునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు, ఒప్పుకొందము. అయినచో, దాని రంగుకంటెను తీరుకంటెను ముందుగా, మనము దానికి వెల చెల్లించిన రీతియే మనలను లోకమునకు చాటును.