కంచె పక్కన అమాయకత్వం

యుద్ధకాలంలో యిద్దరు పసివాళ్ళ స్నేహం అనగానే పెద్దల గుండెలు కరిగిపోతాయి. కరిగిన తరువాత ప్రశ్నించే వోపిక వుండదు. ఐరిష్ రచయిత జాన్ బోయ్న్ 2006లో ప్రచురించిన 'ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజామాస్' నవలకు అంత ఆదరణ దొరికింది అందుకే.

ఆష్‌విట్జ్ మరణశిబిరం అధికారి కొడుకు బ్రూనో, తొమ్మిదేళ్ళవాడు. కంచెకు అవతల యూదు బాలుడు ష్ముయెల్. యిద్దరూ నెలల తరబడి అక్కడ కబుర్లు చెప్పుకుంటారు. కావలివాడు అటు తొంగిచూడడు! నిజానికి ఆ కంచెలో విద్యుత్తు పారేది. అక్కడికి తెచ్చిన యూదు పిల్లల్లో అత్యధికుల్ని రాగానే గ్యాస్ గదులకు తోలేవారు.

"కథలో కల్పన వుండదా?" అంటారు మిత్రులు. కల్పనతో నాకు పేచీ లేదు. యీ కల్పన యెవరిని కాపాడుతున్నదన్నదే నా ప్రశ్న. 1939 నుంచి, పదేళ్ళు వచ్చిన జర్మన్ పిల్లలు హిట్లర్ యువజన సంస్థలో చేరి తీరాలి. బడిలో యూదుద్వేషం వొక పాఠం. అటువంటి దేశంలో, అటువంటి తండ్రి కొడుక్కి యూదులంటే యెవరో తెలియదట! చివరికి బ్రూనో కంచె దాటివెళ్ళి గ్యాస్ గదిలో చనిపోతాడు. చదువరి కన్నీరు అతని కోసం, అతని తల్లిదండ్రుల కోసం. పక్కనే చచ్చిన ష్ముయెల్ కోసం యేడ్చేదెవరు? మొదటిసారి చదివినప్పుడు నేనూ బ్రూనో కోసమే యేడ్చాను. తరువాత సిగ్గుపడ్డాను. ఆ చరిత్ర చదివేవారూ, చెప్పేవారూ యీ పుస్తకం జోలికి పోవద్దని 2020లో ఆష్‌విట్జ్ మ్యూజియమే చెప్పింది.

జర్మన్ రచయిత హాన్స్ పీటర్ రిఖ్టర్ 1961లో వెలువరించిన 'ఫ్రీడ్రిష్' నవల దీని పక్కన పెట్టి చూడండి. వొకే యింట్లో రెండు వాటాల్లో పెరిగిన బాలురు. యూదు బాలుడు ఫ్రీడ్రిష్. కథ చెప్పే రెండోవాడికి పేరే లేదు. అతని తండ్రికి యూదులంటే ద్వేషం లేదు. సంసారం గడవాలని నాజీ పార్టీలో చేరతాడు, అంతే. 1938 నవంబరులో జర్మనీ అంతటా యూదుల మీద దాడులు జరిగినప్పుడు, ఆ కొడుకే సుత్తి పట్టుకుని యూదు కుర్రాళ్ళ వసతిగృహాన్ని పగలగొడతాడు. కొడుతున్న కొద్దీ మత్తెక్కుతుంది. యింటికి వచ్చేసరికి మరో గుంపు స్నేహితుడి వాటాలో సామాను విరగ్గొడుతూ వుంటుంది. అప్పుడు యేడుస్తాడు. 1942లో బాంబులు పడుతుంటే యింటి యజమాని ఫ్రీడ్రిష్‌ను ఆశ్రయంలోకి రానివ్వడు. లోపలివాళ్ళు గొణిగి వూరుకుంటారు. స్నేహితుడూ ఆ లోపలే వున్నాడు.

ధర్మసంకటమంటే యిది. యేమీ తెలియని బ్రూనోకు తేల్చుకోవలసినదేమున్నది?

పసివాళ్ళకు యింత చేదు యెందుకనే వుపాధ్యాయులు మనలోనే వున్నారు. సుత్తి పట్టిననాటికి ఆ కుర్రవాడికి పదమూడేళ్ళు.