పదాల పట్టిక, మంజిల్ పాఠం

అమెరికా విశ్వవిద్యాలయాలలో ఎం.ఎస్. చదవగోరే మన పిల్లలు జీఆర్‌ఈ పరీక్ష అనగానే మొదట వెదికేది ఒక పదాల పట్టిక. ఒకవైపు ఇంగ్లీషు మాట, మరొకవైపు అర్థం. అలా వెయ్యి, రెండువేలు. వేరుశనగ ఎండిన ఏడాది తండ్రి బెంగళూరుకో, తల్లి కువైట్‌కో పోగా తనకల్లు వంటి మండలంలో మిగిలిన బిడ్డ ఆ పట్టికను వల్లెవేసి, నెల తిరగకముందే మరచి, తనకు ఇంగ్లీషు రాదని తానే తీర్పు చెప్పుకొంటున్నాడు. ఆ తీర్పును నేను అంగీకరించను.

పరీక్ష స్వభావమే మారింది. 2011 ఆగస్టుకు పూర్వం వ్యతిరేకపదాలను, పదాల జంటలను విడిగా అడిగేవారు. తరువాత వాటిని తొలగించి, వాక్యంలోని ఖాళీకి తగిన మాటను ఎన్నుకొనే ప్రశ్నలకు ప్రాధాన్యమిచ్చారు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష నిడివి కూడా రెండు గంటలలోపునకు తగ్గింది. కఠినపదాల అవసరం తీరలేదు. అయితే ఆ మాట ఎక్కడ ఒదుగుతుందో తెలియాలి. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాల బీరువా ఉన్నవారికి ఆ ఎరుక చిన్ననాడే అబ్బుతుంది. ఇంట దక్కనీ, బడిలో తెలుగు, మదరసాలో అరబ్బీ నేర్చిన బిడ్డ దానిని ప్రయత్నపూర్వకంగా సంపాదించుకోవాలి.

మూడు భాషల నడుమ పెరగడమే ఆటంకమనే ఉపాధ్యాయులున్నారు. వారు ఒక్కసారి ఇల్మ్, ఆలిం, తాలీమ్, మాలూమ్ అనే మాటలను పక్కపక్కన వ్రాసి చూడాలి. ఒకే ధాతువు నుంచి ఇన్ని మాటలు పుడతాయని ఎరిగిన బిడ్డకు, బెనివొలెంట్, బెనిఫాక్టర్‌లలోని తొలిభాగం మేలును, మలెవొలెంట్‌లోనిది కీడును సూచిస్తాయని చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. తెలుగులో సద్గతి, దుర్గతి ఉండనే ఉన్నవి. హాజరు, దాఖలు, వసూలు, చివరకు మనం పుటపుటనా వ్రాసే హక్కు కూడా అరబ్బీ నుంచి వచ్చి తెలుగైనవే కదా!

కంఠస్థం చేయడమూ మనకు కొత్త విద్య కాదు. హిఫ్జ్ తరగతిలో ఆనాటి కొత్త పాఠం సబఖ్. ఇటీవలి పాఠాల పునశ్చరణ సబ్ఖీ. పాతవాటిని వంతులవారీగా తిరిగి అప్పగించడం మంజిల్. మంజిల్ తప్పిన హాఫిజ్‌కు ఖురాన్ నిలవదని ప్రతి ఉస్తాదుకూ తెలుసు. కోచింగ్ కేంద్రాల పట్టికలో ఉన్నది సబఖ్ మాత్రమే. రోజుకు పది కొత్త మాటలు, వాటితో పది వాక్యాలు, ఆపైన నిన్నటివీ నిరుటి నెలవీ చదివితే చాలునని నా అభిప్రాయం.

2020 తరువాత చాలా విశ్వవిద్యాలయాలు జీఆర్‌ఈని తప్పనిసరి చేయడం మానుకొన్నవని కొందరు అంటారు. నిజమే. అయినా చేరిన మొదటి వారంలోనే చదవవలసిన పరిశోధనా వ్యాసాలలో ఆ మాటలే ఎదురవుతాయి.

అసలు చిక్కు రుసుముల వద్ద ఉన్నది. విదేశీ విద్యారుణంపై మైనారిటీ విద్యార్థులకు వడ్డీ భరించిన పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌కు కూడా 2022లోనే స్వస్తి చెప్పింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విదేశీ విద్యా సాయాన్ని ప్రపంచ ర్యాంకులలో తొలి 200 విశ్వవిద్యాలయాలకు పరిమితం చేసింది. తలుపు ఇరుకైనకొద్దీ ప్రవేశపరీక్షలో ఒక్కొక్క మార్కుకూ విలువ పెరుగుతుంది. కనుక నిలిపివేసిన పథకాలను పునరుద్ధరించమని అడగాలి. పరీక్ష రుసుమును మైనారిటీ సంక్షేమశాఖ భరించాలనీ అడగాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగనక్కరలేదు. మస్జిదు కమిటీలు ఒక గది ఇచ్చి, ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఒక మంచి నిఘంటువు, పాత ప్రశ్నపత్రాలు ఉంచితే, కోచింగ్ కోసం కదిరికో అనంతపురానికో పంపడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్ల అక్కడికి నడిచి రాగలదు. సాయంత్రం అసర్ నుంచి మగ్రిబ్ వరకు ఆ గది ఆడపిల్లలకే కేటాయించి, తాళంచెవి ఒక తల్లి చేతికి ఇస్తే మరీ మంచిది.