బడి పట్టికలో ఊరు

చిన్న పట్టణమందలి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ప్రవేశపు రిజిస్టరు అతి సామాన్యముగా కన్పట్టును. అందు బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు మున్నగునవి వరుసగా వ్రాయబడి యుండును. అయినను ఆ ఊరి బ్రదుకును అంత చక్కగా తెలుపు పుస్తకము మఱియొకటి లేదు.

పూర్వపు పుటలలో బాలికల పేర్లు అరుదు. కూలివారి బిడ్డల పేర్లును అరుదే. 14 ఏండ్లు నిండువఱకు పిల్లలందఱకును ఉచిత నిర్బంధ విద్య నొసగుటకు పదియేండ్లలో యత్నింపవలెనని 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఆదేశించెను. గడువు దాటెను గాని పని ముగియలేదు. 2002లో 86వ సవరణచే విద్య బాలల ప్రాథమిక హక్కయ్యెను. దానికి సంబంధించిన చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను.

నేడు బడి తలుపులు అందఱకును తెఱచియున్నవి. కాని రుసుము చెల్లింపగలవారు తమ బిడ్డలను ప్రైవేటు బడులకు పంపుచున్నారు. కొన్ని ఇండ్లలో కుమారుడు అచ్చటికిని, కుమార్తె ప్రభుత్వ బడికిని పోవుచున్నారు. ఒకప్పుడు పేదలకు చోటులేని పట్టికలో నేడు పేదల పేర్లు మాత్రమే మిగులుచున్నవి.

దీనివలన కలుగు నష్టమును లెక్కలే తెలుపును. చట్టము ప్రకారము ప్రాథమిక పాఠశాలలో 60 మంది వఱకు ఇద్దఱు, 61 మొదలు 90 వఱకు ముగ్గురు ఉపాధ్యాయులు కనీసముగా ఉండవలెను. 61 మందిలో ఒక్క బిడ్డ తగ్గినను మూడవ ఉపాధ్యాయునిపై బడికిగల హక్కు తొలగును. ఇద్దఱే ఐదు తరగతులకు బోధింపవలసి వచ్చును. అది చూచి మఱికొందఱు తల్లిదండ్రులు బిడ్డలను మాన్పింతురు. సంఖ్య మఱల తగ్గును.

తల్లిదండ్రులను నిందించుట న్యాయము కాదు. బిడ్డ మేలు కోరుట వారి ధర్మము. పిల్లలు వచ్చిన పిదప గురువు నిత్తుమనుట, నీరు పెట్టక పంట కొఱకు ఎదురుచూచుట వంటిది. ముందు తరగతికొక ఉపాధ్యాయుని నియమింపవలెను.

కులమత భేదములును, ధనిక దరిద్ర భేదములును లేక పిల్లలందఱును తమ చేరువలోని బడిలోనే చదువవలెనని 1964–66 నాటి కొఠారి కమిషను సూచించెను. వైద్యుని బిడ్డయు, రిక్షా త్రొక్కువాని బిడ్డయు ఒకే బల్లపై కూర్చున్ననాడు ఆ బడి యోగక్షేమములు ఊరందఱికిని పట్టును. ఇంటిలో అడుగువారు లేని బిడ్డ కొఱకు సైతము అప్పుడు పదిమంది అడుగుదురు.