జ్యేష్ఠానక్షత్రపు తపాలాముద్ర

గతమాసమున ఊరగాయజాడీలను గూర్చి వ్రాసినదానికి వచ్చిన జాబులకు మీదటి మాసమున బదులు వ్రాసెదను. ఈమాఱు మా యింట జరిగిన యొక చిన్న యపరాధమును, దానివలన నేను తెలిసికొనిన సంగతులను విన్నవింతును.

అమెరికాలో నున్న మా పినతల్లి కుమారుడు, మా పిల్లవానికి తపాలాబిళ్లలయందు గల మక్కువ యెఱిగి, పాతసామానుల అంగడిలో కొన్న రెండు లకోటాలను పంపెను. రెంటిపైనను మూడు సెంట్ల ఊదారంగు వాషింగ్టను బిళ్లలే. పిల్లవాడు చూచినదే తడవుగా ఒకదాని మూలను ముద్రతోకూడ కత్తిరించి, గిన్నెడు నీళ్లలో నానవైచి, వ్రేలితో రుద్దనారంభించెను. నేను వంటయింటినుండి వచ్చునప్పటికి ముద్రలోని సిరా కరగి నీళ్లు గులాబివన్నె యయ్యెను. మా వారు బడినుండి వచ్చి, వానిని మందలింపబోయి, బిళ్లలు నానవేయుట నేర్పినది తామే యని జ్ఞప్తికి రాగా ఊరకుండిరి.

రెండవ లకోటాను నేను లాగికొంటిని. దానిపై ముద్ర చెక్కుచెదరలేదు. వలయముచుట్టు యు. యస్. యస్. ఆంటారీస్ అను పేరు, నడుమ 1938వ సంవత్సరపు తేదీ, ప్రక్కన బిళ్లను కొట్టివేయు నల్లనిగీట్లు. ఆంటారీస్ అనగా మన జ్యేష్ఠానక్షత్రమే. వృశ్చికరాశి నడుమ ఎఱ్ఱగా మెఱయునది. కుజునకు ఎదురు నిలుచునది యని గ్రీకుభాషలో ఆ పేరున కర్థము. అమెరికా నావికాదళమువారు పెద్ద యుద్ధనౌకలకు తమ రాష్ట్రముల పేర్లు పెట్టి, సరకులు మోయు ఓడలలో పెక్కింటికి నక్షత్రముల పేర్లు పెట్టిరి. రెగ్యులస్ మన మఘ, స్పైకా చిత్త, వేగా అభిజిత్తు, సిరియస్ లుబ్ధకము. ఈ మాటలు నేను చదివి వినిపించుచుండగా మా అత్తగారు జపమాల ఆపి, “జ్యేష్ఠ పేరు పెట్టిన ఓడ యెక్కి ఎవరైన బ్రతికి బయటపడినారటే అమ్మాయీ?” అని యడిగిరి. దానికి సమాధానము పిమ్మట చెప్పెదను.

బిళ్లలను మాత్రమే కూర్చువారు లకోటాను తొక్కవలె పాఱవేయుదురు. ఓడముద్రలను కూర్చువారికి ఆ తొక్కయే ఫలము. బిళ్ల దేశమంతట దొరకును. ముద్ర యన్ననో, ఆ దినమున ఆ ఓడపైననే పడినది. ఆ దేశమున నావికాదళపు ఓడలపై తపాలాకచేరులు నడుపుటకు 1908 మే నెలలో శాసనమైనది. నావికులలోనే యొకడు తపాలాగుమాస్తాగా నియమితుడగును. సేకర్త తన చిరునామా వ్రాసి, బిళ్ల యంటించిన లకోటాను వేఱొక పెద్దలకోటాలో నుంచి, వినయముగా ఒక చీటి జతచేసి ఆ గుమాస్తాకు పంపును. ఆతడు ముద్రవేసి తిరుగుటపాలో విడుచును. గీట్ల నడుమ రేవు పేరో పండుగ పేరో చేర్చుటయు కలదు. 1932లో యూనివర్సల్ షిప్ క్యాన్సిలేషన్ సొసైటీ యను సంఘము ఏర్పడినది. ఫ్రాన్సిస్ లోసీ యను నాతడు ముద్రలను ఆకారమునుబట్టి విభజించి చూపిన పద్ధతినే సేకర్తలు నేటికిని అనుసరింతురు. ఇట్లు తనకు తాను పంపుకొనిన లకోటాలకన్న, నావికుడు తల్లికో భార్యకో వ్రాసిన జాబు మోసికొని వచ్చినవే నాకు ప్రియము. మాకు వచ్చినది మొదటితెగదే. లోపల ఏమియు లేదు.

అరిజోనావంటి యుద్ధనౌకల ముద్రలకై సేకర్తలు ఎగబడుదురు. సరకుల ఓడ నడుగువారు తక్కువ. విందున వడ్డించినదానిని ఎవరు జ్ఞాపకముంచుకొందురు? కాని 1941 డిసెంబరు 7వ తేది ఆదివారమునాడు, పెరల్ హార్బరుపై విమానములు విఱుచుకొనిపడుటకు గంటకు పైగా ముందే, ఆ రేవు వెలుపల శత్రువు జాడ కనిపెట్టినవారిలో ఈ ఆంటారీసువారు కలరు. కాంటన్, పామైరా ద్వీపములకు పోయి, ఒక ఉక్కుపడవను వెనుక కట్టి లాగికొని మరలివచ్చుచుండగా, ఉదయము 6.30 ప్రాంతమున తమ వెనుక నీటిలో వింతవస్తు వొకటి వారి కంటబడినది. అది ఇద్దఱు నావికులతో నున్న జపాను చిన్న జలాంతర్గామి. సరకుల ఓడకొఱకు ద్వారమున ఉక్కువల తెఱచినప్పుడు దానివెంట రేవులోనికి దూరుట దాని యెత్తు. కావలితిరుగుచున్న వార్డ్ అను ఓడ 6.45 గంటలకు ఫిరంగి పేల్చి దానిని ముంచెను. వార్తయు పైవారికి పంపబడినది. కాని రేవులోని ఓడలు మేలుకొనకయే 7.55 అయ్యెను. ముంచితిమన్న మాటను చాలకాలము సందేహించినవారు కలరు. 2002 ఆగస్టులో, మూడువందల మీటర్లకు మించిన లోతున, గుండు దూసిన రంధ్రముతో ఆ జలాంతర్గామి కనుగొనబడినది.

ఆంటారీస్ ఆనాడును బ్రతికినది. యుద్ధమంతయు గడచి బయటపడినది. మా అత్తగారికి ఇదియే చెప్పితిని. “అయితే ఆ నక్షత్రమున పుట్టిన పిల్లలను వంక పెట్టుట మానవలసినదే” యని ఆమె మరల జపమునకు కూర్చుండిరి. మా ఆడుబిడ్డ పెండ్లి ఒకసారి ఈ నక్షత్రము కారణముననే తప్పిపోయినది.

యుద్ధము రాగానే ముద్రలనుండి ఓడల పేర్లు తొలగింపబడినవి. యు. యస్. నేవీ యనియు తేదీయు మాత్రమే మిగిలెను. ఓడ పేరు తెలిసిన శత్రువునకు త్రోవ తెలియునని భయము. ఇంట నున్న భార్యకు మాత్రము, మగడు ఏ సముద్రమున నుండి ఆ జాబు పంపెనో లకోటానుబట్టి యెఱుగు నుపాయము లేకపోయెను. 1938 నాటి ముద్రలో అంత స్పష్టముగా నిలిచిన ఆ పేరును నేను తఱచుగా చూచుకొనుటకు ఇదియు నొక హేతువు.

పాతలకోటాలు మీ పెట్టెలలోను ఉండవచ్చును. కత్తిరింపకుడు, తడుపకుడు, గోందుతో అంటింపకుడు. కాగితపు మూలలలో దోపి, తేమ తగులనిచోట నుంచుడు.

నానిన తునకను అద్దుడుకాగితముల నడుమ ఆరవైచితిమి. ఓడ పేరులో చివరి రెండక్షరములు, యు, యస్, మాత్రము కనబడుచున్నవి. రెగ్యులస్ అని పిల్లవాడు, సిరియస్ అని మా వారు. మఘయో లుబ్ధకమో తేలక, దాని క్రింద పేరు వ్రాయవలసిన చోటును ఖాళీగా విడిచియుంచితిని.