ఒక్క డిస్క్‌ని నమ్మొద్దు, రెండు కొనండి

సెలవులు దగ్గర పడితే క్లాస్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు: "ఫోటోలు దాచుకోడానికి నమ్మకమైన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఏదైనా ఉంటే చెప్పండ్రా." వెంటనే గొడవ మొదలు. ఒకడు ఒక కంపెనీ పేరు చెప్తాడు. ఇంకొకడు "అది వద్దురా, మా అన్నయ్యది ఏడాదికే పోయింది" అంటాడు. యాభై మెసేజ్‌ల తర్వాత కూడా ఏది కొనాలో తేలదు.

తేలదు, ఎందుకంటే తేలే విషయం కాదు. ఈ రోజు ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారు చేసే పెద్ద కంపెనీలు మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. ముగ్గురివీ పాడవుతాయి, ముగ్గురివీ ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా స్టోరేజ్ కంపెనీ తన డేటా సెంటర్లలో ఎన్ని డిస్కులు పోయాయో చాలా ఏళ్ళుగా లెక్కలు బయటపెడుతోంది. ఈ మధ్య సంవత్సరాల్లో సగటున ఏడాదికి నూటికి ఒకటి, రెండు పోతున్నాయి. అవి చల్లటి గదిలో కదలకుండా ఉండే డిస్కులు. మన డిస్కేమో బ్యాగులో టిఫిన్ బాక్స్ పక్కన కూర్చుని, మైండ్‌స్పేస్ దగ్గర స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కి దిగుతుంది. నూటికి ఒకటి అంటే తక్కువే. కానీ ఆ ఒక్కటి మనదైతే మన ఫోటోలన్నీ పోయినట్టే.

అందుకే నా అభిప్రాయం ఇది: "ఏ డిస్క్ నమ్మకమైనది?" అని కాదు, "ఈ డిస్క్ రేపు పోతే నా ఫోటోలు ఇంకెక్కడున్నాయి?" అని అడగాలి.

దీనికి ఉదాహరణ మన ఊళ్ళోనే ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. అందులో మూడు అవైలబిలిటీ జోన్లు. ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, కరెంటు ఏర్పాట్లు కూడా వేరు. ఎస్3 స్టాండర్డ్‌లో మనం ఒక ఫైల్ పెడితే అది కనీసం మూడు జోన్లలో ఉండేలా చూస్తారు. అంత డబ్బున్న కంపెనీ కూడా మంచి డిస్క్ ఒకటి కొని ధీమాగా కూర్చోలేదు. డిస్కులు పోతాయని ముందే ఒప్పుకుని సిస్టమ్ కట్టుకుంది. ఫాల్ట్ టాలరెన్స్ అని మనం పరీక్షలో పేజీలు పేజీలు రాసేది దీని గురించే. ఇంటికొస్తే మాత్రం అమ్మానాన్నల పెళ్ళి ఆల్బమ్ స్కాన్లు, తాతయ్య వీడియోలు అన్నీ ఒకే పాత ల్యాప్‌టాప్‌లో ఉంటాయి.

పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ చెప్పిన 3-2-1 సూత్రం చాలామంది వినే ఉంటారు. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్‌లో, ఒకటి ఇంటి బయట. ఇందులో మనం ఎక్కువగా వదిలేసేది ఆ చివరిదే. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలు గుర్తున్నాయి కదా. టోలీచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చేశాయి. అలాంటి రాత్రి ల్యాప్‌టాప్, బ్యాకప్ డిస్క్ రెండూ ఒకే టేబుల్ సొరుగులో ఉంటే రెండూ కలిసే మునుగుతాయి. దొంగతనమైనా అంతే, బ్యాగు ఎత్తుకెళ్ళేవాడు డిస్క్ తీసి పక్కన పెట్టి వెళ్ళడు.

"గూగుల్ ఫోటోస్ ఉందిగా" అంటారు. ఉంది, వాడండి. కానీ ఉచితంగా ఎన్ని ఫోటోలైనా పెట్టుకునే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఇప్పుడు 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. ఫోన్లో ఆ యాప్ నుంచి ఫోటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, ట్రాష్‌లో 60 రోజులు మాత్రమే ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: రెండేళ్ళు వాడని అకౌంట్లని గూగుల్ తీసెయ్యొచ్చు. చనిపోయిన పెద్దవాళ్ళ ఫోన్ బీరువాలో దాచుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ ఫోన్ వెనక ఉన్న అకౌంట్ గురించి ఎవరూ ఆలోచించరు. క్లౌడ్ మూడో కాపీగా బాగుంటుంది, ఒకే ఒక్క కాపీగా కాదు.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? సైజు గురించి పెద్దగా భయపడక్కర్లేదు. ఫోన్ ఫోటో 4 ఎంబీ అనుకుంటే 1 టీబీలో సుమారు 2,50,000 ఫోటోలు పడతాయి. వీడియోలు ఎక్కువ ఉంటేనే 2 టీబీ. నా సలహా, ఒక 2 టీబీ బదులు రెండు 1 టీబీలు. ఖర్చు కొంచెం ఎక్కువే, కాదనను. వీలైతే రెండూ వేర్వేరు కంపెనీలవి తీసుకోండి. వారంటీ చూసి మురిసిపోకండి. డిస్క్ పోతే వారంటీ కింద కొత్త డిస్క్ ఇస్తారు, ఫోటోలు ఇవ్వరు.

హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్ళేలుంటాయి, పనిచేస్తుండగా కింద పడితే కష్టం. ఎస్ఎస్‌డీలో తిరిగేవి లేవు, దెబ్బలకి తట్టుకుంటుంది. కానీ ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా పడుంటే అందులో డేటా మెల్లగా చెరిగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి బ్యాగులో తిరిగేదానికి ఎస్ఎస్‌డీ, బీరువాలో ఉండేదానికి హార్డ్ డిస్క్. ఇక ఆన్‌లైన్‌లో "16 టీబీ ఎస్ఎస్‌డీ" అని రెండు మూడు వేలకి కనిపిస్తే అటు వెళ్ళకండి. అలాంటి వాటిలో చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కి పెద్ద సైజు చూపించేలా సెట్ చేస్తారు. నిండాక కొత్త ఫైళ్ళు పాతవాటిని తినేస్తాయి, మనకి ఎర్రర్ కూడా రాదు. అనుమానముంటే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 నడిపి చూడండి. షాపులో చూసి కొనాలంటే రాయదుర్గంలో బ్లూ లైన్ ఎక్కి పారడైజ్‌లో దిగండి, ట్రైన్ మారక్కర్లేదు, సీటీసీ దగ్గరే.

కొన్నాక పని అయిపోదు. 19వ శతాబ్దంలో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన గాజు నెగెటివ్‌లు 2,800కి పైగా ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆ గాజుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే చాలు, బొమ్మ కనిపిస్తుంది. మన ఫోటోలకి ఆ సుఖం లేదు. డిస్క్ పనిచెయ్యాలి, కేబుల్ దొరకాలి, ఫైల్ తెరుచుకోవాలి. అందుకే కొన్నేళ్ళకోసారి కొత్త డిస్క్‌లోకి మార్చుకుంటూ ఉండాలి. ఎవరో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి, చాలా ఇళ్ళల్లో ఆ ఎవరో ఒకరు కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మనమే.

దీనికి మన పండగలే మంచి టైమ్‌టేబుల్. దసరాకి ఇంటికెళ్ళినప్పుడు అందరి ఫోన్లలోంచి అసలు ఫోటోలు తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చినవి కాదు, వాటిని అది కుదించేస్తుంది. రెండు డిస్కుల్లోకీ కాపీ చేసి, నాలుగైదు ఫోటోలు తెరిచి చూడండి. ఒక డిస్క్ సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి ఊళ్ళో బీరువాలో ఉంచండి, రెండోది హైదరాబాద్ తెచ్చుకోండి. సంక్రాంతికి కొత్త ఫోటోలతో వెళ్ళి డిస్కులు మార్చుకోండి. ఆ పని చేస్తున్నప్పుడు నానమ్మని పక్కన కూర్చోబెట్టుకుని పాత ఫోటోల్లో ఎవరెవరున్నారో అడిగి ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకోండి. ఆ పేర్లకి వేరే బ్యాకప్ ఎక్కడా లేదు.